నీరసాన్నీ పట్టు తప్పడాన్నీ ఒకే గాటన కట్టేస్తే: ఒక ఓఈటీ స్టూడెంట్ కేసు

నేను విజయవాడలో నర్సులకి ఓఈటీ చెప్తాను, తొమ్మిదేళ్ళు అవుతోంది. తెలియనివాళ్ళ కోసం, ఇది నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు ఇలా హెల్త్ ఫీల్డ్ వాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష. యూకేలో నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లో 350, రైటింగ్‌లో 300 రావాలి, స్కేలు మొత్తం 500. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది స్పీకింగ్ దగ్గరో రైటింగ్ దగ్గరో ఇరవై ముప్పై మార్కుల్లో ఆగిపోయి వస్తారు, వచ్చి "మేడం గ్రామర్ వీక్" అంటారు. గ్రామర్ కాదమ్మా అని ఎంత చెప్పినా నమ్మరు. అందుకే ఈ ఒక్క అమ్మాయి కేసు మొత్తం రాస్తున్నా. తనని అడిగే రాస్తున్నా, పేరూ హాస్పిటలూ చెప్పను.

ఖమ్మం వైపు అమ్మాయి, బీఎస్సీ నర్సింగ్, ఇక్కడే ఒక ప్రైవేట్ హాస్పిటల్లో మెడికల్ వార్డులో ఆరేళ్ళ అనుభవం. రెండుసార్లు రాసింది. రెండోసారి లిజనింగ్ 360, రీడింగ్ 350, రైటింగ్ 280, స్పీకింగ్ 320. అంటే చదివితే అర్థమవుతోంది, వింటే అర్థమవుతోంది, తను మాట్లాడేటప్పుడూ రాసేటప్పుడూ ఎక్కడో తేడా కొడుతోంది. స్కోర్ షీటు ఎంత వచ్చిందో చెప్తుంది కానీ ఏ మాట దగ్గర పోయిందో చెప్పదు కదా, అది మనమే వెతుక్కోవాలి.

మొదటిరోజు తన బ్యాగులోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. ఇంతకుముందు చేరిన చోట రాయించారట. ఎర్ర పెన్నుతో ఒక మాట, దాని పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి నీలం పెన్నుతో వరసగా నాలుగైదు మాటలు. ఒక పేజీలో వీక్‌నెస్ ఈక్వల్ టైర్డ్‌నెస్ ఈక్వల్ ఫటీగ్ ఈక్వల్ లెథార్జీ ఈక్వల్ ఎగ్జాషన్, అన్నిటికీ కలిపి చివర బ్రాకెట్ వేసి తెలుగులో "నీరసం". ఇంకో పేజీలో నంబ్‌నెస్ ఈక్వల్ టింగ్లింగ్, "తిమ్మిరి". డినై ఈక్వల్ రెఫ్యూజ్ ఈక్వల్ రిజెక్ట్, "నిరాకరించు". దగ్గర దగ్గర నూట నలభై పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు, నైట్ డ్యూటీల్లో మూడింటికీ నాలుగింటికీ కూర్చుని రాసిందట. అంత కష్టం చూశాక ఇది తప్పు అనడానికి నాకు మనసొప్పలేదు, ఆరోజు ఏమీ అనలేదు. కానీ జబ్బు మూలం ఆ ఈక్వల్ గుర్తులోనే ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మాక్ పెట్టాను. స్పీకింగ్ ఎలా ఉంటుందంటే రెండు రోల్ ప్లేలు, ఒక్కోటీ ఐదు నిమిషాలు, ముందు కార్డు చదువుకోడానికి మూడు నిమిషాలు ఇస్తారు, ఎదురుగా ఉన్నావిడ పేషెంట్‌లా మాట్లాడుతుంది. నేనే పేషెంట్. కార్డు మామూలుదే, బీపీ ఉన్న పెద్దాయన డిశ్చార్జ్ అయ్యి ఫాలోఅప్‌కి వచ్చాడు, మందులు సరిగ్గా వేసుకోమని చెప్పాలి. మధ్యలో నేను కార్డులో లేని ఒక ముక్క అన్నాను: "మై రైట్ ఆర్మ్స్ గాన్ వీక్ సిన్స్ బ్రేక్‌ఫాస్ట్."

తను ఒక్క సెకను కూడా ఆగలేదు. "డోంట్ వర్రీ, ఇట్ ఈజ్ బికాజ్ యూ ఆర్ నాట్ ఈటింగ్ ప్రోపర్లీ, ప్లీజ్ టేక్ ప్లెంటీ ఆఫ్ ఫ్లూయిడ్స్ అండ్ టేక్ రెస్ట్" అంది. ఉచ్చారణ బాగుంది, గ్రామర్‌లో తప్పు లేదు, గొంతులో ఆప్యాయత కూడా ఉంది. కుడిచెయ్యి పడిపోతోందని చెప్తున్న మనిషికి మంచినీళ్ళు తాగి పడుకోమని చెప్పింది.

రోల్ ప్లే ఆపేసి తెలుగులో అడిగాను. "అమ్మా, వార్డులో ఒక పెద్దాయన, పొద్దున టిఫిన్ తిన్న దగ్గర్నుంచి కుడిచేతికి పట్టు లేదు సిస్టర్, గ్లాసు జారిపోతోంది అన్నాడు. ఏం చేస్తావు?"

"వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలుస్తా మేడం. మూతి పక్కకి పోయిందా చూస్తా, రెండు చేతులూ ఎత్తమంటా, మాట తడబడుతోందా చూస్తా, ఎప్పుడు మొదలైందో టైం రాసుకుంటా. నాలుగున్నర గంటల్లోపైతే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి అవకాశం ఉంటుంది కదా మేడం."

చెప్పేసి తనే ఆగిపోయింది. నా వంక చూసి, "మేడం, మీరు ఇందాక అన్నది అదా?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్షవాతాన్ని గుర్తుపట్టడానికి బ్రిటన్లో మామూలు జనానికి ఫాస్ట్ అని నేర్పేది, ఫేస్, ఆర్మ్స్, స్పీచ్, టైం, అదంతా తన చేతుల్లో ఉంది, ఆరేళ్ళుగా చేస్తున్న పని. వీక్ అన్న మాట వినగానే బుర్ర నోట్‌బుక్ పేజీకి పోయింది, అక్కడ నీరసం అని ఉంది, నీరసానికి మనం చెప్పేది ఓఆర్‌ఎస్, రెస్టు. అంతే జరిగింది.

ఇంగ్లీష్ హాస్పిటల్ భాషలో వీక్‌నెస్ అంటే ముందుగా కండకి బలం తగ్గడం, ఒక చెయ్యో ఒక కాలో పట్టు తప్పడం. ఒంట్లో ఓపిక లేకపోవడానికి పేషెంట్ టైర్డ్ అంటాడు, నర్సు వేరే డాక్టరుకి పేషెంట్ గురించి రాసే లెటర్లో ఫటీగ్ అని రాస్తుంది. లెథార్జీ అంటే మనిషి మత్తుగా డల్‌గా పడి ఉండటం, పిల్లల వార్డులో అది వింటే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మన దగ్గర డాక్టర్లూ పేషెంట్లూ అందరూ "జనరల్ వీక్‌నెస్" అని వాడేస్తాం కాబట్టి మనకి ఈ తేడా వినపడదు, ఇక్కడ అందరికీ అలవాటైన మాట కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. అక్కడి వార్డులో మాత్రం వీక్‌నెస్ అన్నావంటే వెంటనే "వేర్?" అని అడుగుతారు.

ఇక్కడ నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, తెలుగులో ఈ తేడా లేక కాదు. నీరసంగా ఉంది అంటాం, చేతికి పట్టు లేదు అంటాం, ఈ రెండూ ఎవరూ కలపరు, మా అమ్మమ్మ కూడా కలపదు. డిక్షనరీలోంచో నోట్‌బుక్‌లోంచో ఒక తెలుగు మాట పట్టుకుని దానికి ఇంగ్లీషు మాటలన్నీ కట్టేయడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. ఇంగ్లీషులో తేడా తెలియాలంటే ముందు తెలుగులో మన పేషెంట్ ఎలా చెప్తాడో అది గుర్తు తెచ్చుకోవాలి, మాట కాదు, మొత్తం వాక్యం.

అందుకని నోట్‌బుక్ పక్కన పెట్టించి కొత్త షీటు మొదలుపెట్టాం. మూడు గళ్ళు. మొదటి గడిలో పేషెంట్ తెలుగులో అన్న వాక్యం, అన్నది అన్నట్టు. రెండో గడిలో అది విన్నాక నర్సుగా నీ చేతులు ఏం చేస్తాయి. మూడో గడిలో ఇంగ్లీషు మాట, అది చివరే రాయాలి, ముందు రాయకూడదు. చేతికి పట్టు లేదు, నా వేళ్ళు గట్టిగా నొక్కమంటా, వీక్. ఒళ్ళంతా నీరసం, నిద్రపోయారా తిన్నారా అడిగి హిమోగ్లోబిన్ రిపోర్టు చూస్తా, టైర్డ్. చేసే పని వేరైతే మాట వేరు. ఈ ఒక్క రూలుతోనే సగం నోట్‌బుక్ తిరగరాశాం.

తిమ్మిరి దగ్గర రెండు రోజులు పట్టింది. ఎందుకంటే ఇక్కడ తెలుగు మాట నిజంగానే రెంటికీ వాడతాం. కాలు మడిచి కూర్చుని లేస్తే తిమ్మిరెక్కింది అంటాం, అప్పుడు చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటుంది, అది టింగ్లింగ్, పేషెంట్ నోట్లో పిన్స్ అండ్ నీడిల్స్. పదేళ్ళుగా షుగర్ ఉన్న పెద్దావిడ కూడా కాళ్ళు తిమ్మిరి అమ్మా అంటుంది, కానీ ఆవిడకి ఏమీ తెలియడం లేదు, అది నంబ్‌నెస్. ఆ అమ్మాయిని అడిగాను, నువ్వు షుగర్ పేషెంట్‌ని ఏం అడుగుతావు అని. "చెప్పు జారిపోయినా తెలియట్లేదా అని అడుగుతాం మేడం" అంది. అదీ! ఆ ప్రశ్నకి అవునంటే నంబ్. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే దవడ మొద్దుబారుతుంది చూడండి, అది నంబ్. టింగ్లింగ్ ఉన్నవాడు కాలు విదిలించుకుంటాడు, నంబ్‌నెస్ ఉన్నవాడు కాలికి మేకు దిగినా చూసుకోడు, రాత్రి దుప్పటి మీద రక్తం మరక చూసి ఇంట్లోవాళ్ళు చెప్తే అప్పుడు తెలుస్తుంది. డయాబెటిక్ ఫుట్ చెకప్‌లో పది గ్రాముల మోనోఫిలమెంట్‌తో, అంటే సన్నటి నైలాన్ పోగుతో, అరికాలు మీద నొక్కి తెలుస్తోందా అని అడిగేది ఈ నంబ్‌నెస్ కోసమే. ఈ రెంటికీ ఈక్వల్ గుర్తు పెట్టిన పేజీని తనే కొట్టేసింది, నేను చెప్పలేదు.

నొప్పి మాటల దగ్గర మాత్రం నాకు చాలా సంతోషం వేసింది, అది కాస్త ఎక్కువే రాస్తా. తను అన్నిటికీ పెయిన్ అనేది. సివియర్ పెయిన్, మైల్డ్ పెయిన్, అంతకు మించి లేదు. నేనడిగాను, మీ ఊళ్ళో నొప్పిని ఎన్ని రకాలుగా అంటారు, ఆలోచించకుండా చెప్పుకుంటూ పో అని. పోటు, సలుపు, తీపులు, లాగుడు, గుంజుడు, పీకుడు, మంట, కుట్టడం, పట్టేయడం, జివ్వుమనడం, ఒళ్ళునొప్పులు... బోర్డు నిండిపోయింది, క్లాసులో మిగతావాళ్ళు కూడా అందుకున్నారు, శ్రీకాకుళం అమ్మాయి ఒకటి చెప్తే అనంతపురం అబ్బాయి ఇంకోటి. 1975లో కెనడాలో మెల్జాక్ అనే సైకాలజిస్టు మెక్‌గిల్ పెయిన్ క్వశ్చనేర్ అని ఒకటి తయారుచేశాడు, నొప్పిని వర్ణించే 78 మాటలు 20 గుంపులుగా పెట్టి పేషెంట్‌ని ఎంచుకోమంటాడు. అది చూపించి, ఇప్పుడు మన బోర్డు మీదవి దీంట్లో ఎక్కడెక్కడ పడతాయో చూడండి అన్నాను. కురుపు నాడి కొట్టుకున్నట్టు సలుపుతుంటే థ్రాబింగ్. పొడిచినట్టు పోటు అయితే స్టాబింగ్. నడుము నుంచి కాల్లోకి జివ్వున లాగితే షూటింగ్. మంట అయితే బర్నింగ్. జ్వరం వచ్చేముందు ఒళ్ళునొప్పులు ఏక్స్, ఏక్ అంటే తీవ్రంగా కాకుండా వదలకుండా అలా ఉంటూనే ఉండే నొప్పి. మింగుతుంటే గొంతు నొప్పెడితే, చర్మం ఒరుసుకుపోతే సోర్. మామూలుగా నొప్పి లేదు, నువ్వు వేలితో నొక్కితేనే ఉందంటే టెండర్, ఇది నర్సు నొక్కి కనుక్కునేది, పేషెంట్ "నొక్కితే నొప్పి సిస్టర్" అంటాడు చూడండి, ఆ వాక్యం మొత్తానికి ఇంగ్లీషులో ఒక్క మాట. లెటర్లో టెండర్‌నెస్ అని రాస్తే డాక్టరుకి నువ్వు చెయ్యిపెట్టి చూశావని అర్థమవుతుంది, పెయిన్ అని రాస్తే పేషెంట్ చెప్పాడని మాత్రమే అర్థమవుతుంది.

ఆరోజు తను వెళ్ళేటప్పుడు "మేడం, ఇవన్నీ నాకు వచ్చు కదా" అంది. అవును, వచ్చు.

కళ్ళు తిరగడం గురించి త్వరగా చెప్పేస్తా. కళ్ళు తిరుగుతున్నాయి అంటే డిజ్జీ అనడం తప్పు కాదు, కానీ ఆ మాట దగ్గర ఆగకూడదు. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తే లైట్‌హెడెడ్, పడుకోబెట్టి ఒకసారి నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తాం. మంచం మీద పక్కకి తిరిగితే ఇల్లంతా గిర్రున తిరిగిందంటే వర్టిగో. నడుస్తుంటే తూలిపోతుంటే అన్‌స్టెడీ. 1972లోనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు డిజ్జీనెస్‌ని ఇలా విడదీశారు, ఈమధ్య మాత్రం ఎలా తిరుగుతోంది అన్నదానికంటే ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేస్తే వస్తోంది అనే ప్రశ్నలకి ఎక్కువ విలువ ఇస్తున్నారు, ఎందుకంటే పేషెంట్లు ఈ మాటల్ని మార్చి మార్చి వాడతారు. నర్సుకి రెండూ తెలియాలి.

రైటింగ్ సంగతి. 45 నిమిషాలు, కేస్ నోట్స్ అని ఒక పేషెంట్ వివరాలు ఇస్తారు, వాటినుంచి దాదాపు 180 నుంచి 200 పదాల లెటర్ రాయాలి. తన పాత లెటర్లలో ఒకదాంట్లో "పేషెంట్ రెఫ్యూజ్డ్ చెస్ట్ పెయిన్" అని ఉంది. కేస్ నోట్స్‌లో డినైస్ అని ఉంటే, మాట మార్చి రాస్తే మార్కులు వస్తాయనుకుని సినానిమ్ పెట్టిందట. నొప్పిని వద్దనడం ఏంటి, ఎవరైనా ఇస్తామన్నారా? తెలుగులో చూడండి ఎంత సులువో. ఛాతీనొప్పి ఉందా అంటే లేదన్నాడు, అది డినై. ఇంజెక్షన్ చేస్తామంటే వద్దన్నాడు, అది రెఫ్యూజ్, కాస్త మర్యాదగా డిక్లైన్. లేదన్నాడు, వద్దన్నాడు, అంతే, "నిరాకరించు" అనే పుస్తకాల మాట మధ్యలో పెట్టుకోవడం వల్లే కలిసిపోయాయి. డినై గురించి ఇంకోటి కూడా చెప్పాను, 2022లో బీఎంజే అనే బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక వ్యాసం వచ్చింది, పేషెంట్ "కంప్లెయిన్స్", "డినైస్" లాంటి మాటలు పేషెంట్ మీద నమ్మకం లేనట్టు ధ్వనిస్తాయి, వాటిని మానుకోవాలి అని. నాకు ఆ వాదన నచ్చింది. తాగే అలవాటు డినైస్ అని రాస్తే అబద్ధం చెప్తున్నాడేమో అన్న వాసన వస్తుంది. రిపోర్ట్స్ నో చెస్ట్ పెయిన్ అని రాయించడం మొదలుపెట్టా.

అలాగే ఎవరితో మాట్లాడుతున్నాం అన్నదాన్ని బట్టి కూడా మాట మారుతుంది, దీన్ని సినానిమ్ లిస్టులు చెప్పవు. లెటర్లో ఎడీమా, పేషెంట్‌తో స్వెల్లింగ్. లెటర్లో హైపర్‌టెన్షన్, పేషెంట్‌తో హై బ్లడ్ ప్రెషర్, లేకపోతే మీకు టెన్షన్ ఎక్కువైంది అంటున్నారనుకుంటాడు. స్పీకింగ్‌లో నాలుగు భాష క్రైటీరియా, ఐదు క్లినికల్ కమ్యూనికేషన్ క్రైటీరియా ఉంటాయి, పేషెంట్ వైపు నుంచి అర్థం చేసుకున్నావా, సమాచారం సరిగ్గా రాబట్టావా అనేవి అందులోవే. చెయ్యి వీక్ అన్నప్పుడు ఎక్కడ, ఎప్పట్నుంచి అని అడగకపోతే ఎంత తియ్యగా మాట్లాడినా అక్కడ మార్కులు రావు.

నా పద్ధతి పనిచేయని చోటు కూడా ఉంది, అది దాచను. సిక్. బ్రిటన్లో పేషెంట్ "ఐ వాజ్ సిక్ ట్వైస్ ఇన్ ద నైట్" అంటే రాత్రి రెండుసార్లు వాంతి అయ్యిందని. ఐ ఫీల్ సిక్ అంటే వాంతి వచ్చేలా ఉందని. బాగా లేదు, సుస్తీగా ఉంది అని చెప్పాలంటే ఐ ఫీల్ ఇల్ అంటారు, పూర్లీ అని కూడా అంటారు. మనకి సిక్ అంటే సిక్ లీవు, జ్వరం. దీనికి తెలుగులో ఏ దారీ దొరకలేదు, మూడు గళ్ళ షీటులో మొదటి గడి ఖాళీగానే ఉండిపోయింది. బట్టీ పట్టించాను. అలాగే సర్జరీ అంటే అక్కడ జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టర్, క్లినిక్ కూడా, "ఐ రాంగ్ ద సర్జరీ" అంటే క్లినిక్‌కి ఫోన్ చేశానని, ఆపరేషన్ కాదు. ఇవి విని విని అలవాటవ్వాల్సిందే.

పదకొండు వారాలు పట్టింది. మధ్యలో రెండు వారాలు నైట్ షిఫ్టులు పడి రాలేదు. మూడోసారి రాసింది: లిజనింగ్ 370, రీడింగ్ 360, రైటింగ్ 330, స్పీకింగ్ 360. నా మాక్ రికార్డింగులు మొదటివీ చివరివీ పక్కపక్కన పెట్టి విన్నాను, స్పీడు తగ్గింది నిజానికి. ముందు గడగడా మాట్లాడేది, ఇప్పుడు పేషెంట్ ఒక మాట అనగానే ఆగి "కెన్ యూ టెల్ మీ వాట్ దట్ ఫీల్స్ లైక్?" అంటోంది. స్కోరు పెరగడానికి అదే కారణం అని నా అభిప్రాయం.

పోనిది ఒకటుంది. రోల్ ప్లే చివర "డూ యూ హావ్ ఎనీ డౌట్స్?" అనడం. మనకి డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న, స్కూల్లో ఒకటో క్లాసు నుంచీ అదే. అక్కడ డౌట్ అంటే నమ్మకం లేకపోవడం, నా మీద నమ్మకం లేదా అని పేషెంట్‌ని అడిగినట్టు వినపడుతుంది. క్వశ్చన్స్ ఆర్ కన్సర్న్స్ అనమని వందసార్లు చెప్పాను, ప్రశాంతంగా ఉన్నప్పుడు సరిగ్గానే అంటుంది, కంగారుపడితే డౌట్స్ వచ్చేస్తుంది. చివరి మాక్‌లో కూడా వచ్చింది.

ఇప్పుడు కొత్త బ్యాచ్‌తో ఊపిరి మాటల మీద కూర్చున్నాం. ఆయాసం, రొప్పు, ఎగశ్వాస, తెలంగాణ వాళ్ళు దమ్ము వస్తుంది అంటారు, ఛాతీలో పిల్లికూతలు అంటారు. పిల్లికూతలు వీజ్ అని తేలిపోయింది, విని కనుక్కునేది కాబట్టి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం బ్రెత్‌లెస్, రొప్పడం పాంటింగ్. దమ్ము మాత్రం ఒక ఊళ్ళో ఆస్తమా అంటున్నారు, ఇంకో ఊళ్ళో ఉత్త ఆయాసం అంటున్నారు, ఆ గడిలో పెన్సిల్‌తో రాసి ఉంచాం.